అత్త పక్షాన కోడలు

ఫోనులో నడిచే ఆ గుంపు పేరు ఎదురుమాట. పేరుకు తగ్గట్టే అక్కడ ఎవరి మాటనూ ఎవరూ ఊరికే ఒప్పుకోరు. సినిమాలు, సీరియళ్ళు, పాటల పోటీలు, పిల్లల చదువులు, పెద్దవాళ్ళ పెత్తనాలు, ఏది దొరికితే దాని మీద మొహం కనబడేలా ఫోను పెట్టుకుని మాట్లాడి వీడియో పెడతారు. మిగతావాళ్ళు దాన్ని ఉతికి ఆరేస్తారు. పనీపాటా లేనివాళ్ళనుకునేరు! నర్సులున్నారు, దర్జీలున్నారు, బ్యాంకులో పనిచేసేవాళ్ళున్నారు. అందరూ పని మధ్యలో తీరిక చేసుకుని మరీ పోట్లాడుకునేవాళ్ళే.

ఆదివారం మధ్యాహ్నం లైవ్‌లో మాత్రం ఇద్దరే ఎదురెదురుగా వాదించుకోవాలి. దానికి గుంపు పెట్టిన లెక్కల మాస్టారు ఒక నియమం పెట్టారు. మాస్టారు బడి నుంచి రిటైరయ్యారు గానీ ఆయన బెత్తం ఇంకా రిటైరవ్వలేదు. ఎవరికి ఏ పక్షమంటే ఒళ్ళుమంటో వాళ్ళు ఆ పక్షానే మాట్లాడాలట. "ఇష్టమైనదాన్ని ఎవరైనా పొగుడుతారు. గిట్టనిదాని తరఫున నోరు విప్పి చూపించండి, అప్పుడు మీరు ఘనులని ఒప్పుకుంటాను" అంటారాయన. ఇంకో మాట కూడా అంటారు. ఇంటి గొడవలు గుమ్మం దగ్గరే వదిలి రావాలి. తెర మీద కనబడిందే సాక్ష్యం.

చివర్లో చూసేవాళ్ళు ఓట్లేస్తారు. వరుసగా మూడుసార్లు ఓడినవాళ్ళకు ఏడాది పాటు మౌనం. గుంపులో ఉండొచ్చు, అందరూ చెప్పేది వినొచ్చు, నచ్చితే బొటనవేలు ఎత్తొచ్చు. మాట్లాడటానికి మాత్రం లేదు.

మన బ్రేకమ్మ అప్పటికే రెండుసార్లు ఓడి ఉంది.

బ్రేకమ్మ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే ఈమె పక్క సీట్లో కూర్చుంటుంది. ఎందుకైనా మంచిదని ఆమె కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. వీడియోలన్నీ ఆపిన కారులోనే తీసేది. సినిమాలో ఒళ్ళుమండే సీను గురించి చెబుతున్నప్పుడు ఆమె కాలు తనంతట తనే ఆ బ్రేకును టక్కున తొక్కుతుంది. ఆ చప్పుడు వీడియోలో వినబడి గుంపంతా ఆ పేరు ఖాయం చేసింది. ఆమెకూ నచ్చింది, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూసే అలవాటు కూడా పోయింది.

మౌనం అంటే ఆమెకెందుకంత భయమో చెప్పాలి. రోజంతా ఆమె నోరు ఆడుతూనే ఉంటుంది గానీ, వినే నాథుడు లేడు. కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు కొయ్యబారిపోయి ఉంటారు, వాళ్ళ చెవికి 'బ్రేకు' తప్ప ఇంకో మాట ఎక్కదు. ఇంటికొస్తే భర్త మందుల షాపులో నిలబడి నిలబడి వచ్చి ఉంటాడు, భోజనం దగ్గర 'ఊ' కొడుతూనే కునికిపాట్లు పడతాడు. ఇక అత్తగారు. ఆవిడ ముందు మాట్లాడటానికి మనకు సందు దొరికితేగా! తనకూ ఆలోచనలున్నాయనీ, వాటిని కూర్చుని వినే మనుషులున్నారనీ బ్రేకమ్మకు తెలిసింది ఎదురుమాటలోనే. అది పోతే ఏం మిగులుతుంది? క్లచ్చు, గేరు, బ్రేకు.

అత్తగారిని గుంపులో చేర్చింది కూడా ఈ మహాతల్లే. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి ఆవిడ. ఇంట్లో ఊసుపోక కోడలి వంటకు వంకలు పెడుతోందని, కాస్త కాలక్షేపంగా ఉంటుందని ఫోనులో ఎదురుమాట పెట్టి ఇచ్చింది. కోరి కొరివి నెత్తిన పెట్టుకోవడమంటే అదే. ఆవిడ గొంతు విన్న మొదటి ఆదివారమే గుంపు నిటారుగా కూర్చుంది. పిడుగు అని పేరు పెట్టింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా పిడుగుకు ఓటమి లేదు.

ఆ వారం మాస్టారు అలవాటు ప్రకారం టోపీలో చీటీలు వేసి కెమెరా ముందు తీశారు. విషయం, అందరూ చూస్తున్న సీరియల్లోని అత్త. కోడలికి వేరే ఊళ్ళో ఉద్యోగం వస్తే "నువ్వు వెళ్ళొద్దు" అన్న ఆ అత్తను పిడుగు తప్ప గుంపంతా వారమంతా దుమ్మెత్తిపోస్తూనే ఉంది. మాస్టారు పేర్ల చీటీ ఒకటి తీసి, నియమం ప్రకారం పక్షం చూసి, "కోడలి పక్షాన పిడుగు" అన్నారు. మరొకటి తీసి, కళ్ళజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని, "అత్త పక్షాన... బ్రేకమ్మ" అన్నారు.

గుంపు ఊగిపోయింది. ఒకే ఇంట్లో అత్తాకోడళ్ళని ఎవరికి తెలియదు? "మాస్టారూ, టోపీలో ఏదో మతలబుంది" అని దర్జీ రాశాడు. "ఆదివారం డ్యూటీ మార్పించుకుంటున్నా" అని నర్సమ్మ రాసింది. కారులో కూర్చుని ఇదంతా చూస్తున్న బ్రేకమ్మ కాలు టక్కున బ్రేకు మీద పడింది.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే అత్తగారు ఉల్లిపాయలు తరుగుతూ, తలెత్తకుండానే అంది.

"జాలి చూపిస్తానని ఆశపడకు అమ్మాయ్. నాకు చేతకాని పని అది."

"ఎవరడిగారు అత్తయ్యా? మీరు జాలిపడి ఓడారని రేపు నలుగురూ అనుకుంటే నాకు నామోషీ."

"ఓడితే ఏడాది నోరు మూసుకోవాలిగా!"

"తెలుసు."

"ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అని అత్తగారు ఇంకో ఉల్లిపాయ అందుకుంది. భర్త ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, స్నానానికని లోపలికి జారుకున్నాడు. తెలివైనవాడు.

బ్రేకమ్మకు ఆ రాత్రి అన్నం సహించలేదు. నిజం చెప్పాలంటే ఆ సీరియల్ అత్తంటే ఆమెకు పట్టరాని కోపం. ఎందుకు ఉండదు? కారు నేర్పే ఉద్యోగంలో చేరతానన్నప్పుడు సొంత అత్తగారు అన్నదీ అదే ముక్క. "నడిరోడ్డు మీద, ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతికి స్టీరింగిచ్చి పక్కన కూర్చోవడమా? వద్దు." ఆ 'వద్దు'ను ఆవిడ ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. ఈమె వినకుండా చేరిపోయింది, అది వేరే సంగతి. నడుము నొప్పి పుట్టకుండా కారులో పెట్టుకోవడానికి మొదటి రోజే ఆమె సంచిలో ఒక చిన్న దిండు కూడా ఉంది. "మా ఆయన బంగారం, అడక్కుండానే ఇచ్చాడు" అని ఆ దిండును ఎన్ని వీడియోల్లో చూపించుకుందో!

వాదన కోసం ఆ భాగాన్ని మళ్ళీ చూడాలి. ఇక్కడ ఈ గుంపు గుట్టు ఒకటి విప్పాలి. వీళ్ళు సీరియళ్ళను మనలా చూడరు. అన్నీ చూడాలి, అన్నిటి మీదా మాట్లాడాలి, ఉన్నది ఒక్క భోజన విరామం. అందుకని తెర మీద ఎవరూ మాట్లాడకపోతే చాలు, వేలితో రెండుసార్లు తట్టి ముందుకు తోసేస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'ఖాళీలు దాటడం'. మాటలు లేని చోట ఏముంటుంది, ఖాళీ తప్ప! ఆ విద్యలో బ్రేకమ్మ ఎవరికీ తీసిపోదు. తట్టే వేలు, బ్రేకు తొక్కే కాలు, రెండూ ఆమె అడక్కుండానే పనిచేస్తాయి.

మర్నాడు స్కూలు ఆవరణలో కారు ముందు మూత ఎత్తి నూనె ఎంతుందో చూస్తూ, ఫోనును ఇంజను అవతల లోపలి అంచున నిలబెట్టి ఆ భాగం పెట్టింది. చేతులు రెండూ మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. తెర మీద కోడలు పరిగెత్తుకొచ్చి "అత్తయ్యా, ఉద్యోగం వచ్చింది!" అంది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఖాళీ. బ్రేకమ్మ వేలు లేచింది, నూనె చూసుకుని ఆగింది. మోచేత్తో తడదామంటే అదీ నలుపే. చుట్టూ చూసి, ఎవరూ లేరని నిర్ధారణ చేసుకుని, ముక్కుతో నొక్కబోయింది. నవ్వకండి, మీరైతే ఏం చేసేవారు? ముక్కు అందలేదు. విధిలేక చూసింది.

చూస్తూ చూస్తూ అలాగే నిలబడిపోయింది.

తెర మీద అత్త కోడలి మొహంలోకి చూడలేదు. కోడలు తలొంచుకుని ఫోనులో ఆ కబురే మళ్ళీ మళ్ళీ చదువుకుంటుంటే, బీరువా దగ్గరికి వెళ్ళి, పై అరలోంచి కోడలి ప్రయాణాల బ్యాగు దించింది. చేత్తో దుమ్ము తుడిచింది. జిప్పు లాగి చూసింది, ఊడిపోయి ఉంది. సూదీ దారమూ తెచ్చుకుని కిటికీ వెలుగులో కూర్చుంది. దారం సూదిలోకి ఎక్కలేదు. తడి చేసి మళ్ళీ ప్రయత్నించింది. ఏదో చెప్పబోయి ఆగింది. మళ్ళీ నోరు తెరిచింది. అప్పుడొచ్చింది ఆ మాట. "నువ్వు వెళ్ళొద్దు."

"అమ్మో! నోరు వద్దంటోంది, చేతులు బ్యాగు సర్దుతున్నాయి" అని బ్రేకమ్మ పైకే అంది.

గబగబా చేతులు కడుక్కుని, కారెక్కి తర్వాతి భాగం తీసింది. కోడలు చెప్పకుండా ఇల్లు దాటి వెళ్ళిపోయే భాగం అది. గుంపంతా చప్పట్లు కొట్టిన భాగం. ఈసారి ఎక్కడా తట్టకుండా చూసింది. కోడలి భుజానికి అదే బ్యాగు. జిప్పు కుట్టి ఉంది.

దొరికింది! సంబరంగా సీట్లో వెనక్కి వాలింది. నడుముకు దిండు తగిలింది. ఎందుకో చెయ్యి వెనక్కి పోయి దాన్ని ముందుకు లాగింది. ఇన్నాళ్ళూ ఆనుకుని కూర్చున్నదే గానీ ఎప్పుడైనా సరిగ్గా చూసిందా? అంచు వెంట రెండు పేటల దారంతో దగ్గర దగ్గరగా వేసిన కుట్లు. షాపులో కొన్న దిండుకు అలాంటి కుట్లుండవు. ఇంట్లో దిండు గలీబులన్నిటికీ ఉంటాయి.

వెంటనే భర్తకు ఫోను చేసింది.

"ఏమండీ, నా కారు దిండు ఎక్కడ కొన్నారు?"

"దిండా? ఏ దిండు?"

"మీరిచ్చిందే!"

అవతల నీళ్ళు నమలడం మొదలైంది. "అది... నేనివ్వలేదు. అమ్మ కుట్టి నీ సంచిలో పెట్టింది. నువ్వేమో నేనే ఇచ్చానని మురిసిపోయావు. కాదనడానికి మనసొప్పలేదు."

"మరి అత్తయ్యైనా చెప్పొచ్చుగా!"

"అమ్మా? చెప్పడమా?" అని ఆయన నవ్వేశాడు. "కస్టమర్లున్నారు, ఉంటా."

బ్రేకమ్మ దిండును ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. అత్తగారు తన గదిలోనే కూర్చుని ఆ బంగారం వీడియోలన్నీ చూసి ఉంటుంది. ఒక్కసారీ నోరు మెదపలేదు. తను మాత్రం ఆవిడ 'వద్దు' దగ్గరే ఆగిపోయి, మిగతాదంతా తట్టేసి ముందుకు పోయింది.

ఆదివారం వచ్చింది. అత్తగారు పై అంతస్తులో తన గది తలుపేసుకుంది. బ్రేకమ్మ కిందకు దిగి, స్కూలు నుంచి తెచ్చి మెట్ల పక్కన ఆపిన కారులో కూర్చుంది. దిండు కథ ఈ నోటితో చెబితే ఓట్లన్నీ వచ్చి ఒళ్ళో పడతాయి, ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంటి సంగతి గుమ్మం దగ్గరే వదలాలన్న నియమమూ తెలుసు. చెప్పకూడదనుకుంది. గెలిస్తే జిప్పుతోనే గెలవాలి.

మాస్టారు గంట కొట్టారు. పిడుగు మొదలుపెట్టింది. ఆ గొంతు! బస్టాండంతా వినబడిన గొంతు ఫోనులో పడుతుందా? "ఆడపిల్ల చదువుకుంది, కష్టపడింది, ఉద్యోగం తెచ్చుకుంది. తప్పేముంది? సంపాదించుకునే కోడలు ఇంటికి అండ కాదా? ఆ మహాతల్లి ఏం చేసింది? ఆ పిల్ల నోట్లో మాట నోట్లో ఉండగానే 'వెళ్ళొద్దు' అని మొహాన కొట్టింది. ఒక్క క్షణం ఆలోచించిందా? ఆ పిల్ల వైపు మనసు పెట్టిందా?"

కింద కారులో బ్రేకమ్మ నోరెళ్ళబెట్టింది. ఈ మాటలు ఇంట్లో ఒక్కసారి అని ఉంటే! చూసేవాళ్ళు బొటనవేళ్ళ వాన కురిపించారు. 'బ్రేకమ్మా, ఇక మౌనమే' అని దర్జీ రాశాడు.

ఆమె వంతు వచ్చింది.

"పిడుగు గారూ, ఒక్కటి అడుగుతాను. కోడలు చెప్పగానే అత్త వెంటనే వెళ్ళొద్దందా?"

"వెంటనే."

"మధ్యలో ఏమీ లేదా?"

"ఏముంది? ఖాళీ."

"మిగతావాళ్ళు కూడా చెప్పండి, ఏమైనా చూశారా?"

లేదు, లేదు, వెంటనే అంది, మేమూ చూశాం అని తెర నిండిపోయింది. నర్సమ్మ అయితే ఒట్టేసి మరీ రాసింది.

"మాస్టారూ, ఆ ముక్క ఇక్కడ వెయ్యండి. లైవ్ కాబట్టి ఎవరూ ముందుకు తొయ్యలేరు."

మాస్టారు వేశారు. బీరువా, బ్యాగు, దుమ్ము, ఊడిన జిప్పు, సూది, ఎక్కని దారం. తెర కింద పరిగెత్తే మాటలు మెల్లబడ్డాయి, ఆగాయి. ఆ గుంపు పుట్టాక అందరూ ఒకేసారి నోరు మూసుకోవడం అదే మొదలు.

"ఇదండీ మనం దాటేసిన ఖాళీ. ఆవిడ నోరు చెప్పింది విన్నాం, చేతులు చెప్పింది తోసేశాం. ఇప్పుడు రెండోది చూడండి. కోడలు ధైర్యంగా గడప దాటిందని చప్పట్లు కొట్టాం కదా, భుజాన ఆ బ్యాగు చూడండి. జిప్పు ఎవరు కుట్టారు? కోడలా? ఆ పిల్లకు అది ఊడిందనే తెలియదు. వద్దన్న మనిషే కుట్టింది. పంపించలేక వద్దంది, పోకుండా ఆపలేక కుట్టింది. ఆవిడ చెడ్డదని మీరంటే నేనొప్పుకోను. మనకు చూడటం రాలేదు, నాతో కలిపి!"

కాలు టక్కున బ్రేకు తొక్కింది.

అంతే, కట్ట తెగినట్టు వచ్చిపడ్డాయి మాటలు. 'అయ్యయ్యో, నా ఒట్టు వెనక్కి తీసుకుంటున్నా' అని నర్సమ్మ. 'జిప్పులు కుట్టేదే నేను, నాకే కనబడలేదు, సిగ్గేస్తోంది' అని దర్జీ.

పిడుగు ఊరుకుంటుందా? ఓటమెరుగని మనిషి. "ఆగండాగండి! కుట్టింది, సరే. అయితే నోటితో చెప్పొచ్చుగా! చేతులు చేసిన పని ఎవరు చూస్తారు? ఆ కోడలు జన్మలో చూస్తుందా? చూడనిదానికి విలువేంటి? చెప్పు బ్రేకమ్మా, ఎవరు చూస్తారు?"

అడిగింది సీరియల్ సంగతే. కానీ చివరి మాట దగ్గర ఆ గొంతు మైకు గొంతులా లేదు, కాస్త జీర పోయింది. బ్రేకమ్మ వెనక్కి చెయ్యి పెట్టి దిండు తీసింది. కెమెరా ముందు పట్టుకుని, అంచు వెంట ఉన్న కుట్ల మీద వేలు మెల్లగా, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిపించింది. తర్వాత దాన్ని గుండెకు హత్తుకుంది.

పిడుగు నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. మాట రాలేదు. గుంపంతా చూస్తూ ఉంది, ఒక్కరికీ ఏమీ అర్థం కాలేదు. కాసేపయ్యాక మాస్టారు, "పిడుగు గారూ, ఇంకేమైనా?" అన్నారు.

"ఏం లేదు మాస్టారూ. ఓట్లు పెట్టండి" అందావిడ.

ఓట్లు పెట్టారు. లెక్క చెప్పడం ఎందుకు లెండి, మాస్టారే లెక్కపెట్టడం మానేసి నవ్వేశారు. బ్రేకమ్మ గెలిచింది! పిడుగు మీద గెలిచింది! ఇక నుంచి లైవ్‌కు తెచ్చే ఏ ముక్కనైనా ఖాళీలతో సహా చూసి రావాలని మాస్టారు అక్కడికక్కడే కొత్త నియమం పెట్టారు. గుంపంతా సరేనంది. బ్రేకమ్మ కారు హారను మోగించింది, ఒకసారి కాదు, వీధి వీధంతా కిటికీలు తెరుచుకునేదాకా. ఎవరో కోప్పడ్డారు. "గెలిచానండీ!" అని అరిచింది. కోప్పడినాయన ఏం గెలిచిందో తెలియకపోయినా చెయ్యి ఊపాడు.

మెట్లు ఎక్కేసరికి అత్తగారు వంటింట్లో ఉంది. భర్త మూల కుర్చీలో కూర్చుని, ఎటు పక్క నవ్వాలో తెలియక పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"నియమం తప్పావు అమ్మాయ్. ఇంటి గొడవ లైవ్‌లోకి తెచ్చావు. మాస్టారికి ఫిర్యాదు చేస్తాను."

"నేనేమన్నాను అత్తయ్యా? నోరు విప్పానా?"

అత్తగారు పొయ్యి మీద గిన్నె దించింది. గరిటె కడిగి పక్కన పెట్టింది. కిటికీ దగ్గరికి వెళ్ళి తువ్వాలుతో చేతులు తుడుచుకుంది, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. ఏదో అనబోయి ఆగింది. పాత బ్రేకమ్మ అయితే ఆ సందులో పది మాటలు దూర్చేది. ఈ బ్రేకమ్మ గుమ్మానికి ఆనుకుని, దిండు చంకలో పెట్టుకుని, కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది.

చివరికి ఆవిడ ఇటు తిరిగింది.

"ఆ ఉద్యోగం వద్దని ఇప్పటికీ అంటాను. ఓడినంత మాత్రాన మాట మార్చేదాన్ని కాదు."

"అనండి అత్తయ్యా."

"అంటాను. వినవు, అయినా అంటాను" అంటూ ఆవిడ గూట్లోంచి సూదీ దారమూ తీసింది. చెయ్యి చాపింది. "ఆ దిండు ఇలా తే. దూది అణిగిపోయింది."